అన్నీ బాగానే ఉన్నాయన్నారు: ఐయూఐ, ఐవీఎఫ్‌ల మధ్య మేం తేల్చుకున్న తీరు

2023 అక్టోబరులో డాక్టరుగారు మా ఫైలు చివరి పేజీలో 'కారణం తెలియని సంతానలేమి' అని రాసి కింద గీత గీశారు. అప్పటికి నాకు ముప్పై రెండు నిండాయి, మావారికి ముప్పై ఆరు. పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ఆ గీత గీసినప్పటి నుంచి ఏ చికిత్సకు వెళ్లాలో తేల్చుకోవడానికి మాకు పట్టిన ఏడాదిన్నర గురించే ఈ రాత. విజయవాడలోనో గుంటూరులోనో ఇలాంటి ఫైలే చంకన పెట్టుకుని తిరుగుతున్నవాళ్లకు ఎక్కడ ఎంత ఆగాల్సి వస్తుందో, ఎంత ఖర్చవుతుందో, ఎవరు ఏమంటారో ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. అంకెలు కాస్త ఎక్కువగా కనిపిస్తే ఓర్చుకోండి.

అంతకుముందు విజయవాడ పటమటలో మా ఇంటి దగ్గరే ఉన్న ఒక డాక్టరుగారు ఆరు నెలల పాటు మాత్రలిచ్చి, ఫలానా రోజుల్లో కలవండని చెప్పి పంపేవారు. ఆ మాత్రలు అండం సరిగ్గా విడుదల కానివాళ్లకు బాగా పనిచేస్తాయి. నాకు నెలసరి తేదీ తప్పేది కాదు, అండం విడుదలవుతున్నట్టు స్కానింగులోనూ కనిపించింది. ఇలాంటి కేసుల్లో ఒట్టి మాత్రలు ఇవ్వవద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే 'నైస్' సంస్థ 2013లోనే చెప్పిందని నాకు తర్వాత తెలిసింది. ఆ ఆరు నెలలూ నాకు మిగిల్చింది తలనొప్పులే.

అసలు పరీక్షలు సూర్యారావుపేటలో జరిగాయి. అండాల నిల్వ చూసే ఏఎంహెచ్ పరీక్షకు 1,800 రూపాయలు, థైరాయిడ్, ప్రొలాక్టిన్ కలిపి వెయ్యి, నెలసరి రెండో రోజు స్కానింగుకు 800, ఆయన వీర్య పరీక్షకు 700. వీర్య పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజుల ఎడం ఉండాలంటారు. శాంపిలు ఇవ్వడానికి చూపించిన గది గురించి మావారు ఇప్పటికీ చెబుతుంటారు. తలుపు గడియ పడదు. లోపల ఒక ప్లాస్టిక్ బకెట్ ఉంటే దాన్ని నీళ్లతో నింపి తలుపుకు అడ్డం పెట్టుకున్నారట. బయట ఎవరో "ఇంకా ఎంతసేపు" అని రెండుసార్లు తలుపు తట్టారట. ఇల్లు దగ్గరైతే ఇంట్లోనే తీసి గంటలోపు తెచ్చి ఇవ్వవచ్చని ఆ తర్వాత తెలిసింది. కానీ అడిగితేనే చెబుతారు.

ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రేకు అందరూ నన్ను భయపెట్టారు. నెలసరి ఎనిమిదో రోజున చేశారు. దానికి ముందు ఆ నెలంతా కలవకూడదు. గంట ముందు నొప్పి మాత్ర వేసుకుని వెళ్లాను. రంగు మందు ఎక్కించేటప్పుడు నెలసరి నొప్పి ఒక్కసారిగా పది రెట్లయినట్టు అనిపించింది, కానీ రెండు మూడు నిమిషాలే. దానికి 3,500 అయింది. ప్యాడు వెంట తీసుకెళ్లమని ఎవరూ చెప్పలేదు, అవసరమవుతుంది. సాయంత్రం డాక్టరుగారు ఫిల్మును ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చూపించారు. త్రికోణంలా ఉన్న గర్భాశయం, దాని రెండు కొసల నుంచి దారప్పోగుల్లా తెల్లటి గీతలు, వాటి చివర పొగలా చెదిరిపోయిన మందు. అలా చెదిరితే ట్యూబులు తెరుచుకుని ఉన్నట్టు. రెండు వైపులా చెదిరింది.

ఇంటికొచ్చి అమ్మకు ఫోను చేసి అన్నీ బాగానే ఉన్నాయట అన్నాను. "హమ్మయ్య" అంది. నాకూ ఆ రోజు హమ్మయ్య అనే అనిపించింది. వారం తిరిగేసరికి అదే మాట మీద కోపం వచ్చింది. ట్యూబు మూసుకుపోయిందంటే దారి ఒకటే ఉంటుంది, ఇష్టమున్నా లేకపోయినా నడుస్తాం. ఏ లోపమూ లేదంటే దేనికి మందు వాడాలి? పైగా లోపం ఆయనదా నాదా అని ఎదురుచూస్తున్న చుట్టాలకు జవాబు దొరకలేదు కనుక, అలవాటు ప్రకారం అది నా ఖాతాలో వేశారు.

హెచ్‌ఎస్‌జీ తర్వాత కొందరికి సహజంగానే నెల తప్పుతుందని, మూడు నెలలు ఆగి చూడమని డాక్టరుగారు అన్నారు. ఆగాం. ఆ మధ్యలోనే నాగుల చవితి వచ్చింది. పుట్టలో పాలు పోసి, ఆ తర్వాతి ఆదివారం అత్తయ్య మమ్మల్ని మోపిదేవి తీసుకెళ్లారు. మావారు దారి పొడుగునా సణిగారు. నాకైతే అభ్యంతరం లేకపోయింది. పిల్లల్లేరని సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకోవడానికి వచ్చినవాళ్లే ఆ వరుసలో చాలామంది. ఎవరూ ఎవర్నీ ఎందుకొచ్చారని అడగలేదు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఆ సుఖం లేదు.

2024 జనవరి వచ్చింది, ఏమీ కాలేదు. అక్కడి నుంచి అసలు తికమక మొదలైంది.

పరీక్షలు చేసిన డాక్టరుగారు ఐయూఐ అన్నారు. అంటే మాత్రలతో ఒకటి రెండు అండాలు ఎదిగేలా చేసి, వీర్యాన్ని శుభ్రపరిచి, చురుకైన కణాలను సన్నటి గొట్టంతో గర్భాశయంలోకి పంపడం. మూడు నాలుగు నెలలు చేసి చూద్దామన్నారు. ఒక్కోసారికి నిలిచే అవకాశం ఎంతని అడిగితే "నూటికి పది అనుకోండమ్మా" అన్నారు. ఆ జవాబు తక్కువగా ఉన్నందుకే ఆమె మీద నమ్మకం కుదిరింది.

రెండో అభిప్రాయం కోసం గుంటూరు కొత్తపేటలో ఒక సెంటరుకు వెళ్లాం. అక్కడ ఫైలు పావు వంతు తిప్పకుండానే నేరుగా ఐవీఎఫ్ చేయించుకోండి, కాలం వృథా చేయకండి అన్నారు. అంటే అండాన్ని బయటికి తీసి, ల్యాబులో వీర్యకణంతో కలిపి, ఎదిగిన పిండాన్ని గర్భాశయంలో పెట్టడం. విజయం డెబ్బై శాతమట. "ఎవరిలో డెబ్బై, మేడమ్? ఇంజెక్షన్లు మొదలుపెట్టిన అందరిలోనా, పిండం పెట్టినవాళ్లలోనా? పరీక్ష పాజిటివ్ వచ్చినవాళ్లా, బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్లినవాళ్లా?" అని అడిగాను. ఆమె నవ్వి, వివరాలన్నీ కౌన్సెలర్ చెబుతారని గంట నొక్కారు. కౌన్సెలర్ చెప్పింది నెలవారీ వాయిదాల గురించి. బందరు రోడ్డు పొడవునా కనిపించే హోర్డింగులదీ అదే పద్ధతి. లవం ఆరడుగుల అక్షరాల్లో ఉంటుంది, హారం ఎక్కడా ఉండదు.

మూడో డాక్టరు లాప్రోస్కోపీ చేసి, అంటే పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో, లోపల చూద్దామన్నారు. గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ స్వల్పంగా ఉన్నా స్కానింగుకు దొరకదన్నది ఆయన వాదన. అది నిజమే. ఖర్చు 60,000, ఒక రోజు ఆసుపత్రి, వారం విశ్రాంతి. నాకు నెలసరిలో పెద్దగా నొప్పి లేదు. కారణం తెలియని కేసుల్లో అందరికీ మామూలుగా లాప్రోస్కోపీ అవసరం లేదని 2023లో వచ్చిన యూరప్ సంతాన వైద్య సంఘం 'ఎష్రే' మార్గదర్శకాల్లో చదివాను. వద్దనుకున్నాం.

ఇక నాలుగో దారి ఊరకే ఆగడం. దీన్ని ఎవరూ సలహాగా ఇవ్వరు, ఫీజు రాదు కదా. నిజానికి నెదర్లాండ్స్‌లో ముందు జంట వయసు, ప్రయత్నించిన కాలం లాంటివి చూసి, వచ్చే ఏడాదిలో సహజంగా నిలిచే అవకాశం 30 శాతానికి మించి ఉంటే కొన్నాళ్లు ఆగమనే చెబుతారు. మాకు రెండేళ్లు దాటింది, ముందు ఒక్కసారి కూడా నిలవలేదు. అలాంటివారికి ఆ అంకె కిందికే దిగుతుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక మేమిద్దరం నోటు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాం. నేను చదివినవాటిలో ఒకటి బాగా గుర్తుండిపోయింది. న్యూజిలాండ్‌లో ఇలాంటి 201 జంటల మీద జరిగిన పరిశీలన 2018లో వెలువడింది. మూడు విడతలు మాత్రలతో ఐయూఐ చేయించుకున్నవారిలో 31 శాతం మందికి బిడ్డ పుట్టింది. అంతే కాలం ఊరకే ప్రయత్నించినవారిలో 9 శాతం మందికి. అంటే ఐయూఐ ఉత్త కాలయాపన కాదు. అలాగని మూడింట రెండు వంతుల మందికి ఫలితం రాలేదు కూడా. మావారు అంకెలన్నీ విని, "మరి మనం ఆ ముప్పై ఒకటిలో ఉంటామా, అరవై తొమ్మిదిలోనా?" అన్నారు. దానికి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. చివరికి ఒక హద్దు రాసుకున్నాం: ఐయూఐ మూడుసార్లు. నాలుగోసారికి ఎవరేం చెప్పినా, మనకే ఆశ పుట్టినా, కనీసం నెల రోజులు ఆగి మళ్లీ లెక్క వేసుకోవాలి. తేదీ వేసి ఇద్దరం సంతకం పెట్టాం. పిల్లచేష్టలా ఉంది కదా. ఆరు నెలల తర్వాత ఆ కాగితమే మమ్మల్ని కాపాడింది.

మొదటి ఐయూఐ 2024 మార్చిలో. నెలసరి మూడో రోజు నుంచి అయిదు రోజులు లెట్రోజోల్ మాత్రలు. మందుల దుకాణంలో కుర్రాడు పెట్టెతో పాటు ఇచ్చిన కాగితంలో ఇది రొమ్ము క్యాన్సర్ మందని ఉంటుంది. ముందే చెబుతున్నాను, గుండె జారవిడుచుకోకండి. అసలు వాడకం దానికే, సంతాన చికిత్సలోనూ పనికొస్తుంది. మన దేశంలో ఈ వాడకాన్ని 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. మా ఇంట్లో ఆ కాగితం అత్తయ్య చేతిలో పడింది. ఆవిడ రాత్రంతా నిద్రపోలేదు, పొద్దున్నే మా ఆడపడుచుకు ఫోను చేసి నాకేదో పెద్ద జబ్బు దాస్తున్నామని ఏడ్చారు.

తొమ్మిదో రోజు నుంచి రోజు మార్చి రోజు స్కానింగు, ఒక్కోటి 600. ప్రతిసారీ ఆధార్ కాపీ, సంతకం, ఎదురుగా 'ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు' అనే బోర్డు. ఇంకా మొలకే లేదు, అప్పుడే ఆడా మగా అంటారేమిటని ఒకావిడ గొణిగితే హాలంతా నవ్వింది. అండం ఉండే తిత్తి 19 మిల్లీమీటర్లకు ఎదిగాక, అండం విడుదలయ్యేందుకు రాత్రి పది గంటలకు ఒక ఇంజెక్షన్. ఆ వేళకు చేసేవాళ్లు ఎవరో ముందే చూసుకోండి. మాకు వీధి చివర నర్సింగ్ హోములో రాత్రి డ్యూటీ సిస్టర్ చేశారు. దాదాపు 36 గంటల తర్వాత ఐయూఐ.

ఈసారి శాంపిలు ఇంట్లోనే తీశారు. డబ్బాను చల్లబడకుండా చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని స్కూటరు వెనక నన్ను ఎక్కించుకుని బయలుదేరారు. బెంజి సర్కిల్ దగ్గర ఎవరో పెద్దలు వస్తున్నారని ట్రాఫిక్ ఆపేశారు. ఎండ, హారన్లు, ముందు బస్సు, వెనక ఆటో. కానిస్టేబుల్‌కు ఏమని చెప్పాలి? మావారు మాటిమాటికీ వాచీ చూసుకోవడం, నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి ఏం కాదులెండి అనడం. పదిహేను నిమిషాల తర్వాత వదిలారు. గంటలోపే అందించాం. శుభ్రపరచడానికి గంటన్నర పట్టింది, నాకు లోపల పని అయిదు నిమిషాల్లో అయిపోయింది. నొప్పి లేదు. అన్నీ కలిపి ఆ నెల సుమారు 16,000.

ఆ తర్వాత గర్భం నిలవడానికి తోడ్పడే ప్రొజెస్టరాన్ హార్మోను మాత్రలు వాడుతూ రెండు వారాలు ఎదురుచూడాలి. ఆ రెండు వారాల్లో ఇంట్లో పరీక్ష చేసుకోకూడదని సిస్టర్ గట్టిగా చెప్పారు. రాత్రి ఇచ్చిన ఇంజెక్షన్‌లో ఉండేది గర్భం వచ్చినప్పుడు పుట్టే హార్మోనే. అది ఒంట్లోంచి పోయేదాకా, దాదాపు పది రోజుల వరకు, పట్టీ మీద రెండు గీతలు రావచ్చు. హాలులో నా పక్కన కూర్చునే తెనాలి ఆవిడకు అలాగే రెండు గీతలు కనిపించి స్వీట్లు కూడా పంచారట. ఆ మాట చెబుతూ ఆవిడ నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. ప్రొజెస్టరాన్ వల్ల రొమ్ములు బరువెక్కడం, కడుపు ఉబ్బరం, నిద్రమత్తు అన్నీ వస్తాయి. నిజంగా నెల తప్పితే వచ్చేవీ అవే. నాకు అన్నీ వచ్చాయి. మార్చి నెలాఖరున నెలసరి కూడా వచ్చింది.

రెండోసారి మే నెలలో. ఎండాకాలం సెలవులు కనుక కాలేజీ గొడవ లేదు. ఈసారి మాత్రలకు తోడు ఇంజెక్షన్లు కలిపారు, ఒక్కోటి 1,200. అండాలు నాలుగు ఎదిగాయి. నేను సంబరపడుతుంటే డాక్టరుగారు ముఖం ముడిచారు. ఈ నెల ఐయూఐ చేయను, ఇద్దరూ కలవవద్దు అన్నారు. మావారికి కోపం వచ్చింది. ఎనిమిది వేలు పోసి అండాలు పెంచి ఇప్పుడు వద్దంటారా అన్నారు. ముగ్గురో నలుగురో ఒకేసారి నిలిస్తే తల్లికీ పిల్లలకీ ముప్పని ఆమె ఓపిగ్గా చెప్పారు. 2015లో అమెరికాలో 900 జంటల మీద వచ్చిన పరిశీలనలో, ఇంజెక్షన్లతో నిలిచిన గర్భాల్లో 32 శాతం కవలలో అంతకు మించో ఉన్నాయి. లెట్రోజోల్ మాత్రలతో అది 13 శాతమే. డబ్బు పోయినా వద్దని చెప్పగలిగిన డాక్టరు దొరకడం మా అదృష్టమని నేను అనుకున్నాను. ఆయన అలా అనుకోవడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. రద్దయిన నెల లెక్కలోకి రాదని కూడా మాలో మేం తీర్మానించుకున్నాం.

జూన్‌లో మళ్లీ మాత్రలతోనే చేయించుకున్నాం, నిలవలేదు. దాని గురించి రాయడానికి ఏమీ లేదు. ఆ నెలలోనే మా ఆడపడుచు కూతురి సీమంతం. వెళ్లాను, గాజులు తొడిగాను, "నీకెప్పుడమ్మా విశేషం" అన్నవాళ్లకు దేవుడి దయ అన్నాను. ఆ రెండు మాటల జవాబు చాలు, అంతకంటే ఎక్కువ చెబితే సలహాలు మొదలవుతాయి.

ఆగస్టులో మూడోసారి. రెండు వారాల తర్వాత రక్తపరీక్షలో బీటా హెచ్‌సీజీ, అంటే గర్భం వచ్చినప్పుడు పుట్టే ఆ హార్మోను, 41 వచ్చింది. సున్నా కాదు. రెండు రోజుల తర్వాత మళ్లీ చేయించాలి, బాగా పెరిగి ఉండాలి అన్నారు. ఆ రెండు రోజులు అత్తయ్య నన్ను వంగి చీపురు పట్టుకోనివ్వలేదు, బొప్పాయి ముక్క ఇంట్లోకి రానివ్వలేదు. ఎవరికీ చెప్పవద్దన్నా అమ్మకు చెప్పేశాను. రెండో రిపోర్టు ఫోనులోనే వచ్చింది. ఇంటర్ రెండో ఏడాది వాళ్లకు సంభావ్యత చెప్పి స్టాఫ్ రూములోకి వచ్చి చూసుకుంటే 19. మొదలై మొదట్లోనే ఆగిపోయిందన్నమాట. ఇది చాలామందికి జరుగుతుందని, రక్తపరీక్ష చేయించుకోని వాళ్లు నెలసరి కాస్త ఆలస్యమైందనే అనుకుంటారని డాక్టరుగారు చెప్పారు. నాకు మాత్రం ఆ రెండు రోజులు లేకుండా పోలేదు. తర్వాతి గంట క్లాసు కూడా చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

మమ్మల్ని అసలైన ఇరకాటంలో పెట్టింది ఇదే. డాక్టరుగారు ఒకసారి నిలిచింది కనుక ఇంకో రెండు మూడుసార్లు ఐయూఐ చేద్దాం అన్నారు. వదిన "ఇంత దగ్గరకు వచ్చి ఆపుతారా?" అంది. మనసూ అదే అంది. అప్పుడు బీరువాలోంచి ఆ కాగితం బయటికి తీశాం. నెల రోజులు ఆగాలని రాసుకున్నాం కదా, ఆగాం.

నా లెక్క ఇది. ఒక్కోసారికి నూటికి పది అనుకుంటే మూడుసార్లకు నూటికి 27, ఖర్చు యాభై వేలు, కాలం అయిదారు నెలలు. కానీ అప్పటికే మూడుసార్లు ఫలితం రానివాళ్లలో ఆ పది కూడా కాస్త తగ్గుతుంది. ఒకసారి 41 వచ్చిందని తర్వాతిసారి నూటికి యాభై అయిపోదు. 2010లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో వచ్చిన 'ఫాస్ట్' అనే పరిశీలన కూడా దొరికింది. మూడుసార్లు మాత్రలతో ఐయూఐ అయ్యాక, ఇంజెక్షన్లతో ఐయూఐ చేస్తూ పోయినవారికంటే నేరుగా ఐవీఎఫ్‌కు వెళ్లినవారికి త్వరగా నెల తప్పింది, సగటున చూస్తే పదకొండు నెలలకు బదులు ఎనిమిది నెలల్లో. అది మా వయసు పరిధిలోని జంటల మీదే జరిగింది. మావారికి అంకెల కంటే ఇంకో మాట నచ్చింది. ఐవీఎఫ్‌లో అండమూ వీర్యకణమూ కలుస్తున్నాయా, పిండం ఎదుగుతోందా అన్నది కళ్లతో చూస్తారు. అసలు మనకు ఎక్కడ ఆగిపోతోందో అప్పుడైనా తెలుస్తుంది కదా అన్నారు. ఏడాదిగా ఏమీ లేదు, అన్నీ బాగున్నాయి అనే మాట వినీ వినీ విసిగిపోయిన మనిషి ఆయన. నవంబరులో ఐవీఎఫ్ అని తేల్చుకున్నాం. డబ్బు, సెలవులు చూసుకుని 2025 మేలో.

ఆ తేదీకి ఇంకో కారణం ఆయన ఉద్యోగం. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తారు. ఫిబ్రవరి నుంచి యార్డుకు కొత్త పంట వచ్చిపడుతుంటే రాత్రి తొమ్మిదికి కూడా ఇల్లు చేరరు. మేలో యార్డుకు ఎండల సెలవులు, నాకూ సెలవులు. మా డాక్టరుగారు మొదట్లో ఆయన్ను వేడిలో పనిచేస్తారా అని అడిగితే "చలిలో, మేడమ్" అన్నారట.

సెంటరు ఎంచుకోవడానికి రెండు ఊళ్లలోనూ తిరిగాం. 2021 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. ఐయూఐ మాత్రమే చేసేవాటికి స్థాయి 1, ఐవీఎఫ్ చేసేవాటికి స్థాయి 2. ఆ పత్రం గోడ మీద ఉందో లేదో చూడండి. 'ప్యాకేజీ' 1,60,000 అన్నచోట కాగితం మీద రాసివ్వమంటే ఇంజెక్షన్లు, మత్తు డాక్టరు ఫీజు, పిండాలను గడ్డకట్టించడం, తర్వాతి నెల వాటిని పెట్టడం అన్నీ విడివిడిగా బయటపడి 2,60,000 తేలింది. మా ఆరోగ్య బీమాలో సంతాన చికిత్స మినహాయింపుల జాబితాలో ఉంది. నా పేరున ఉన్న చిట్టీ పాడుకున్నాం, మిగతాది ఆయన పీఎఫ్.

ఒక సెంటరులో గర్భాశయం లోపలి పొరను గీకితే పిండం బాగా అతుక్కుంటుందని, 8,000 అవుతుందని చెప్పారు. 1,364 మంది మీద చేసి 2019లో ప్రచురించిన పరిశీలనలో గీకినవారిలో 26.1 శాతం మందికి బిడ్డ పుడితే, గీకనివారిలోనూ 26.1 శాతమే. దశాంశం దాకా ఒకటే అంకె. అది చెబితే అక్కడివారు "మీ ఇష్టమమ్మా" అని ఆ పద్దు కొట్టేశారు. కొట్టేయడానికి ఒప్పుకునేది అవసరమైనది ఎలా అవుతుంది?

చివరికి ఎంచుకున్నది విజయవాడలోనే, రెండో అంతస్తులో, ఆర్భాటం లేని చోటు. హారం అడిగితే అక్కడి డాక్టరుగారు సొరుగులోంచి రిజిస్టరు తీశారు. గత ఏడాది నా వయసువాళ్లు ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమందికి పిండం దాకా వచ్చింది, ఎంతమంది ప్రసవించారు అని వేలు పెట్టి చూపించారు. వచ్చిన శాతం హోర్డింగుల మీది అంకెలో సగం కూడా లేదు. అక్కడే చేయించుకుందామని మెట్లు దిగుతూ ఇద్దరం ఒకేసారి అన్నాం.

కాగితాలకు పెళ్లి ధ్రువపత్రం అడిగారు. మా పెళ్లి రిజిస్టరు చేయించనేలేదు. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి పెళ్లి ఫొటో, సాక్షులతో పాటు శుభలేఖ కావాలన్నారు. 2019 నాటి శుభలేఖ ఎక్కడ దొరుకుతుందని నేను తలపట్టుకుంటే, అత్తయ్య దేవుడి గూట్లో పటాల వెనక నుంచి తీసి ఇచ్చారు, నాలుగు మూలలా పసుపుతో సహా. ఈ పని ముందే చేసి పెట్టుకోండి, మాకు దీనికే మూడు వారాలు పోయాయి.

ఏప్రిల్ చివరి వారంలో సమ్మతి పత్రాల మీద సంతకాలు చేశాం. ఎన్ని పిండాలు పెట్టాలి అన్న గడిలో ఒకటి అని రాశాం. మిగిలినవి ఎన్నాళ్లు దాచాలి, మాలో ఒకరు పోతే వాటిని ఏం చేయాలి, విడిపోతే ఏం చేయాలి అని కూడా ఉంటాయి. ఇంట్లోనే మాట్లాడుకుని వెళ్లండి, కౌంటరు దగ్గర మాట్లాడుకునే విషయాలు కావవి. చట్టం ప్రకారం పదేళ్ల వరకు దాచవచ్చట. మొదటి ఏడాది అద్దె లేదు, తర్వాత ఏడాదికి 12,000. అది వినగానే మావారిలోని గుమస్తా నిద్రలేచాడు. అద్దె ముందుగా కట్టాలా, ఏడాది మధ్యలో తీసుకుంటే మిగతాది తిరిగిస్తారా, కరెంటు పోతే పూచీ ఎవరిదని వరసగా అడిగారు. ద్రవ నైట్రోజన్‌లో ఉంచుతామని, దానికి కరెంటు అక్కరలేదని ల్యాబులో అమ్మాయి చెప్పింది. "మా దగ్గర టిక్కీ, అదే మిర్చి బస్తా, అద్దె ఇంతకంటే చాలా తక్కువండీ" అని చెప్పి, పత్రం మీద సంతకం పెట్టారు. నెలసరి రాగానే రెండో రోజు రమ్మన్నారు.